ఎర్త్ వైరు

తెల్లారుగట్ల నాలుగున్నర.
గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు దాటి
నూరడుగులు గూడ పోలే.
చాయ్ తాగుదామని బందు చేసిన ఓమ్ని
మల్ల లెవ్వనన్నది.

తాళం తిప్పితే టిక్.
ఇంకోసారి తిప్పితే గూడ టిక్కే.
గోడ మీది బల్లి నయం,
ఏదో ఒక మాటకు సత్యమని పలుకుతది.

వెనక ముప్పై కిలోల చామంతి,
రెండు బస్తాల బంతి, తడిగుడ్డల లిల్లీలు.
అత్తాపూర్ ఫంక్షన్ హాల్ల
ఏడింటికల్ల స్టేజీ కట్టాలె.
చేతికి గడియారం పెట్టుకోను నేను,
లిల్లీ మొగ్గను చూస్తే చాలు
ఎంత పొద్దెక్కిందో తెలుస్తది.

అడగకముందే డాక్టర్లు మోపైన్రు.
నిమ్మకాయల నర్సిములు పెట్రోలన్నడు.
తమలపాకులామె దిష్టన్నది.
ఆటో ఆయన, "సెల్ఫ్ మోటరు పోయింది, నాలుగు వేలు" అని
నా మొఖం చూసి
మూడున్నరకు దిగిండు.
నేనేమో బాటరీ అనుకున్న.
మొన్న దసరాకే కొన్నది,
వారంటీ కార్డు బియ్యం డబ్బాలున్నది.

నలుగురు వంగి భుజాలు ఆనిచ్చిన్రు.
అంతల వహీద్ భాయ్ వచ్చిండు,
ఎం ఎయిటీ ముందర గోనెసంచి,
సంచిల పానాల గలగల.
"అరే, ధక్కా నక్కో! అందరు జర చుప్.
అదేమంటుందో విననియ్యిన్రి."

"లైట్లెయ్ అమ్మా."
వేసిన. ఎదురు షటరు మీద తెల్లగ పడ్డయి.
"ఇప్పుడు తాళం తిప్పు."
తిప్పిన.
నిద్రకాగని పోరల కండ్ల లెక్క
రెండు లైట్లు ఎర్రబడి మూతపడ్డయి.
"ఊఁ" అన్నడు.
ఆ ఊఁ కి నా పానం సగం పోయింది.
మా పెద్ద డాక్టరు గూడ
ఎక్స్‌రే చూసినంక గిట్లనే అంటడు.

మీటరు పెట్టిండు. బాటరీ మీద పన్నెండున్నర.
"దీని తప్పు లేదు. దీన్ని తిట్టకు."
తర్వాత ఒక ముల్లు బాటరీ మైనస్‌కు,
ఇంకో ముల్లు ఇంజన్ ఇనుముకు ఆనిచ్చి
తిప్పమన్నడు.
"ఈడ సున్న రావాలె. తొమ్మిదొస్తుంది చూడు.
కరెంటు పోయే తోవ సాఫుగనే ఉన్నది,
వాపసొచ్చే తోవనే బందైంది."

సంచిలకెళ్లి బొటనవేలంత మందం కేబులు తీసి
మైనస్‌కొక కొస, ఇంజన్‌కొక కొస పట్టి
"మార్ సెల్ఫ్!" అన్నడు.

గుర్‌మన్నది.
తమలపాకులామె దండం పెట్టింది,
ఎవరికో నాకైతే తెల్వదు.

పని అప్పుడు మొదలైంది.
సీటు లేపి, రబ్బరు మ్యాటు ఎత్తితే
ఎన్నేండ్లవో బంతి రేకులు, నల్లగ మురిగి.
వాటి కింద ఎర్త్ వైరు బోల్టు,
ఆకుపచ్చ చిలుముల మునిగిపోయి.
వైరు పోగులు రెండో మూడో మిగిలినయి.
పదకొండేండ్ల సంది
పూలు వాడిపోవద్దని నేను చల్లిన నీళ్లే
చుక్క చుక్క దిగి దీన్ని తిన్నయి.

ఆయన ఏమనలే.
ఉప్పు కాగితంతోని
ఇనుము తెల్లగ మెరిసేదాక గీకిండు.
పాత లారీ కేబులు ముక్క కోసి,
కొత్త లగ్గు తొడిగి సుత్తితోని అణచి,
పన్నెండు నంబరు పానా ఎక్కిచ్చి,
మీదికెళ్లి గ్రీజు పూసిండు,
పుండుకు మలాం రాసినట్టు.

మూడు వందలు తీసుకున్నడు.
రెండు లిల్లీ కట్టలు ఇయ్యబోతే
ఎనకకు జరిగిండు.
"పూలొద్దమ్మా, తుమ్ములొస్తయి"
అనుకుంటనే నాలుగు తుమ్మిండు.

మెహదీపట్నం దాటి
పిల్లర్ల నంబర్లు ఎంచుకుంట పోయిన.
ఎర్ర సిగ్నల్ల కాడ
పక్క బండ్లన్ని ఇంజన్ బందు చేస్తున్నయి,
నేను చెయ్యలే.
యాక్సిలేటరు మీద కాలు
మెల్లగ అదుముతనే ఉన్న.

హాలు కాడ ఆరున్నర. లిల్లీలు ఇంక మొగ్గలే.
బస్తాలన్ని దింపించి
బందు చేసిన.
ఒక నిమిషం ఊకె కూసున్న.
ఎవరు చూస్తలేరని చూసుకొని
మల్ల తాళం మీద చెయ్యేసిన.